అల్లుడుగారు ఊడదీయించిన తలుపు

మా మేనత్తను బస్సు డిపోలో అందరూ "రైట్‌రైట్" అని పిలిచేవాళ్ళు. మిగతా కండక్టర్లు విజిలు ఊదితే, ఆవిడ గొంతుతోనే బండిని కదిలించేది. వెనక మెట్టు మీద నిలబడి "రైట్ రైట్" అని ఒక్క కేక వేస్తే ముందున్న డ్రైవరు కాలు దానంతట అదే కదిలేదట. పొట్టి మనిషి. భుజాన తోలుసంచి, చేతిలో టికెట్ల మిషను. కాలు పెట్టడానికి చోటు లేని బస్సులో కూడా ఈ చివరినుంచి ఆ చివరికి సూదిలా దూరిపోయేది. నిండు గర్భిణి నిలబడి ఉంటే కిటికీ పక్కన దర్జాగా కూర్చున్నవాణ్ణి, "ఏం బాబూ, సీటుకేమైనా జిగురు రాసి ఉందా?" అని లేపేది. అత్త నోటికి డిపో మేనేజరు కూడా జంకేవాడు.

మామయ్య ఆవిడకు పూర్తిగా ఎదురు. షాపులకు బోర్డులు రాసే పెయింటరు. రోజంతా నిచ్చెన మీద ఒక్కడే ఉండేవాడు, దిగాక కూడా మాట్లాడేవాడు కాదు. ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ ఉండగా పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటలన్నీ పోయి ఒక్క మాట మిగిలింది. "అదే." ఆకలేస్తే అదే, నవ్వొస్తే అదే, కోపం వచ్చినా అదే. గొంతులోని తేడాను బట్టి అత్త అర్థం చేసుకునేది. "మీ మామయ్య ఒంట్లో బాగున్నప్పుడు ఇన్నిసార్లు నోరు విప్పేవాడే కాదే. ఇప్పుడే నయం" అని తనే జోకు వేసి తనే నవ్వేది. నవ్వడం అయ్యాక కాసేపు అటు తిరిగి ఏదో ఒకటి సర్దుతూ ఉండేది.

వాళ్ళది మేడ మీద రెండు గదుల వాటా. మెట్లెక్కగానే తలుపు, తలుపు తీయగానే ఎదురుగా మామయ్య మంచం. ఆ గదికే రోడ్డు వైపు కిటికీ ఉంది. వచ్చేపోయే జనం కనిపిస్తే ఆయనకు పొద్దు పోతుందని అత్త మంచాన్ని అక్కడ వేయించింది. లోపలి గదిలోనే వంట, సామాను, ఆవిడ పడక. తను డ్యూటీకి వెళ్ళినప్పుడు కింది వాటాలో ఉండే టైలరమ్మకు ఒక తాళంచెవి ఇచ్చి వెళ్ళేది. టైలరమ్మ మధ్యమధ్యలో మిషను ఆపి పైకి వచ్చి, ఆయనకు మంచినీళ్ళు తాగించి, పక్కకు తిప్పి పడుకోబెట్టి పోయేది.

ఇంటి యజమానురాలు ఒక ముసలావిడ. ఆవిడ పోయాక ఇల్లు కూతురికి వచ్చింది, పెత్తనం ఆ కూతురి మొగుడికి వచ్చింది. ముసలావిడ ఉన్నన్నాళ్ళూ ఆయన్ని "అల్లుడుగారు" అనడం వల్ల అద్దెకున్నవాళ్ళందరికీ అదే పేరు అలవాటైంది. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ చిరునవ్వు. గట్టిగా ఒక్క మాట అనడు. ఆయన కోప్పడగా చూసినవాళ్ళు లేరు, ఆయన తన మాట నెగ్గించుకోకుండా వదిలిపెట్టగా చూసినవాళ్ళూ లేరు.

పెత్తనం చేతికి రాగానే ఆయన అందరిచేతా కొత్త అగ్రిమెంట్ల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. అత్త దగ్గరకు వచ్చింది ఆవిడ డ్యూటీకి మెట్లు దిగుతున్న వేళ. "పాతదేనమ్మా, మా అత్తగారి పేరు తీసి మా ఆవిడ పేరు పెట్టామంతే" అన్నాడు. బస్సు తప్పిపోతుందన్న కంగారులో అత్త మెట్ల గోడ మీదే కాగితం ఆనించి సంతకం గీకేసింది. ఆ వాటాల్లో ఎవరూ దాన్ని పూర్తిగా చదివిన పాపాన పోలేదు. చదువుకోనివ్వడానికి ఆయన వచ్చిన వేళా కాదు అది.

ఆ తర్వాత మామయ్యలో మార్పు వచ్చింది. సాయంత్రం అత్త ఇంటికి రాగానే ఎడమచెయ్యి లేపి లోపలి గదికేసి చూపిస్తూ "అదే, అదే, అదే" అనేవాడు. ఆకలేమో అనుకుని అత్త గబగబా తినడానికి ఏదో తెచ్చేది. ఆయన మొహం తిప్పేసుకునేవాడు. స్టూలు ఒక చోట ఉండాల్సింది ఇంకో చోట ఉండేది. తను తెరిచిపెట్టి వెళ్ళిన కిటికీ మూసి ఉండేది. టైలరమ్మ సర్దిందేమోనని అత్త, అత్తే అలా పెట్టుకుందేమోనని టైలరమ్మ అనుకున్నారు. ఒకరినొకరు అడగలేదు.

ఒక మధ్యాహ్నం అత్త బస్సు దారిలో చెడిపోయింది. జనాన్ని వేరే బండి ఎక్కించి, ఆ రోజుకు ఇంకో ట్రిప్పు లేదు గనక ఇంటికి వచ్చేసింది. మెట్ల మీద ఉండగానే పైనుంచి మగగొంతులు వినిపించాయి. తలుపు బార్లా తెరిచి ఉంది.

లోపల ఉన్నది అల్లుడుగారు, ఇంకా ఇద్దరు ముక్కూ మొహం తెలియని మనుషులు. ఇల్లు కొనాలనో, పడగొట్టి కట్టాలనో చూడటానికి వచ్చినవాళ్ళు. ఒకడు తలుపు దగ్గర టేపు కొస పట్టుకున్నాడు. రెండోవాడు కిటికీ గోడను అందుకోవడానికి మంచం అంచు మీద మోకాలు ఆనించి ఉన్నాడు. ఆ టేపు మా మామయ్య పొట్ట మీదుగా సాగి ఉంది. ఆయన ఒంటి మీది దుప్పటి మోకాళ్ళ కిందకు జారిపోయింది. దాన్ని పైకి లాక్కోవాలని ఎడమచేత్తో తడుముతున్నాడు, అందడం లేదు. ముగ్గురిలో ఒక్కడికీ ఆ దుప్పటి కాస్త పైకి లాగాలని తోచలేదు. బల్లనో బీరువానో తప్పించి కొలుచుకుంటున్నట్టు మనిషిని తప్పించి కొలుచుకుంటున్నారు.

"రామ్మా, రా. అయిపోవచ్చింది, నువ్వేం కంగారు పడకు" అన్నాడు అల్లుడుగారు, అత్తే చుట్టపుచూపుగా వచ్చినట్టు.

అత్త ముందు వెళ్ళి దుప్పటి కప్పింది. తర్వాత ఇటు తిరిగింది.

"ఎవర్ని అడిగి లోపలికొచ్చారు?"

"అడగడమేంటమ్మా! మన ఇల్లేగా, ఇంకో తాళంచెవి నా దగ్గరుంది."

"ఇల్లు మీదే. మంచం మీదున్న మనిషి ఎవరి మనిషి? ఆయన మీద కూడా టేపు పెట్టి కొలవమని మీకెవరు రాసిచ్చారు?"

"అబ్బే, ఆయనకేం ఇబ్బంది లేదు. ఇదివరకు వచ్చినప్పుడు కూడా ఏమీ అనలేదే!"

ఇదివరకు! ఆ ఒక్క మాటతో అత్తకు అన్నీ అర్థమయ్యాయి. స్టూలు, కిటికీ, రోజూ సాయంత్రం లేచిన ఆ ఎడమచెయ్యి. వీధి చివరిదాకా వినపడేలా కేక పెట్టింది. "దిగండి! ముగ్గురూ దిగండి ఇక్కడ!" టేపు పట్టుకున్నవాడు బెదిరి దాన్ని వదిలేస్తే, సర్రున చుట్టుకుపోయి రెండోవాడి వేలికి తగిలిందట. ముగ్గురూ మెట్లు దిగారు. కింద నిలబడి అల్లుడుగారు నవ్వుతూనే అన్నాడు. "సంతకం పెట్టావు కదమ్మా. ఓనరు ఏ వేళప్పుడైనా వచ్చి చూసుకోవచ్చని అగ్రిమెంటులో ఉంది. చదువుకో."

అత్త చదివింది. నిజంగానే ఉంది.

నేను ఆ ఊళ్ళోనే ఒక ప్రింటింగు ప్రెస్సులో పనిచేసేదాన్ని. కబురు తెలిసి వెళ్ళేసరికి అత్త మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. అంత గట్టి మనిషి అలా కూలబడటం నేను అంతకు ముందు చూడలేదు. "రోజూ చెప్తూనే ఉన్నాడే. నేనేమో తిండి తెచ్చి నోట్లో కుక్కాను" అంది. మామయ్య ఎడమచెయ్యి ఆవిడ తల మీద ఉంది.

మర్నాడు అత్త తాళం మార్పించింది. కొత్తదానికి ఒక తాళంచెవి తనకివ్వమని అల్లుడుగారు తియ్యగా అడిగాడు. ఇవ్వనని చెప్పింది. "సరేలేమ్మా, నీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే, అత్త డ్యూటీలో ఉండగా, ఒక వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చి తలుపే ఊడదీయించాడు. చెదలు పట్టిందట, బాగుచేయించాలట. బందుల మేకులు పీకి, రెక్కను ఇద్దరు మోసుకుపోయారు. అడ్డం వెళ్ళిన టైలరమ్మతో "మీ మంచికేనమ్మా" అన్నాడు. మంచికట! కదలలేని మనిషిని మెట్లకెదురుగా పడుకోబెట్టి, ఆయనకూ లోకానికీ మధ్య ఉన్న ఒక్క చెక్కనూ పట్టుకుపోవడం మంచి! డాబా మీద బట్టలు ఆరేసుకునేవాళ్ళూ, నీళ్ళ ట్యాంకు చూసేవాళ్ళూ ఆ గుమ్మం ముందునుంచే పోవాలి. కొందరు తల దించుకుని పోయారు. కొందరు ఆగి చూశారు. మామయ్య గోడవైపు మొహం పెట్టుకుని, ఎవరు పిలిచినా పలకలేదు. "అదే" అని కూడా అనలేదు.

అత్త గుమ్మానికి దుప్పటి కట్టింది. గాలికి అది ఎగిరిపోతుంటే అడుగున రెండు ఇటుకలు పెట్టింది. డిపోకు సెలవు చెప్పి గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చుంది.

"సర్దుకుపో అక్కా. ఒక తాళంచెవి ఆయన మొహాన పారేస్తే తలుపు తెచ్చి పెట్టేస్తాడు. నీళ్ళలో ఉండి మొసలితో పెట్టుకుంటామా?" అంది టైలరమ్మ.

"మొసలైతే ఆకలేసి కరుస్తుందమ్మా. వీడికేం రోగం?" అంది అత్త.

టైలరమ్మను గుమ్మంలో కూర్చోబెట్టి, అత్తా నేనూ ముందు పోలీసు స్టేషనుకు వెళ్ళాం. అక్కడి పెద్దాయన సగం విని, "దొంగతనం కాదు కదమ్మా. ఆయన తలుపు ఆయన తీసుకెళ్ళాడు. మీలో మీరు తేల్చుకోవాలి" అన్నాడు. "మాలో మేము తేల్చుకుంటే తర్వాత మీరే వచ్చి నన్ను పట్టుకుపోతారు" అంది అత్త. ఆయనకు నవ్వొచ్చింది కానీ పెన్ను మాత్రం కదల్లేదు. అయితే బయటికి వస్తుంటే వెనకనుంచి పిలిచి, అద్దె ఇళ్ళ తగాదాలకు సర్కారు ఆఫీసు వేరే ఉందని, అక్కడ అడగమని చెప్పాడు.

ఇంతమంది అద్దె ఇళ్ళల్లో బతికే ఊళ్ళో ఆ ఆఫీసు ఎక్కడుందో తెలిసినవాడు మాకు చాలాసేపటిదాకా దొరకలేదు. ఏదో గోదాముల వెనక, రెండో అంతస్తులో, బల్బు పోయిన వరండా చివర ఉంది. కిటికీ దగ్గర ఒక గుమాస్తా ఆవిడ, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ అర్జీలు తీసుకుంటోంది.

"ఏంటి సమస్య? అద్దె పెంచారా?"

"కాదమ్మా. తలుపు పట్టుకుపోయారు."

గుమాస్తావిడ తల ఎత్తింది. "తలుపంటే?"

"తలుపంటే తలుపేనమ్మా. వేసి, తీసే తలుపు."

ఆవిడ పెన్ను పక్కన పెట్టి మొత్తం విన్నది. విని, వేళ్ళు మడిచి చెప్పింది. "ఓనరు లోపలికి రావాలంటే ముందురోజే చెప్పాలి. ఎందుకొస్తున్నాడో చెప్పాలి. పగలే రావాలి. మీరు ఉంటున్నన్నాళ్ళూ నీళ్ళు, కరెంటు, దారి, తలుపు, ఏదీ ఆపకూడదు, తియ్యకూడదు."

అత్త గొంతు తగ్గించింది. "నేను సంతకం పెట్టేశానమ్మా. ఏ వేళప్పుడైనా రావచ్చని."

"పెడితే ఏమైంది? నన్ను కొట్టుకోండి అని రాసిచ్చినంత మాత్రాన కొట్టే హక్కు వచ్చేస్తుందా? రూలుకు అడ్డంగా ఏం రాసుకున్నా ఆ రాత చెల్లదు."

నేను అమ్మయ్య అనుకున్నాను. అత్త మొహం చూస్తే ఊరట లేదు, ఎర్రగా కందిపోయింది.

"మరి ఇంత మంచి ముక్కను ఎక్కడ దాచారమ్మా? ఈ బీరువాలోనా? మా బస్సు ఎక్కి చూడండి. ఏ సీటు ఎవరిదో, టికెట్టు లేకపోతే ఏం చేస్తారో, కండక్టరు తిడితే ఎవరికి చెప్పాలో అన్నీ గోడ మీద రాసుంటాయి. అరగంట ప్రయాణానికి అంత రాస్తారే! బతుకంతా అద్దె కొంపలో గడిపేవాడికి ఒక్క ముక్క ఎక్కడా రాయరేం? వాళ్ళకి తెలుసు, మీకు తెలుసు, తెలియాల్సిన మాకు తప్ప!"

వరుసలో మా వెనక నిలబడ్డవాళ్ళు సద్దుమణిగి వింటున్నారు. గుమాస్తావిడ ముక్కు తుడుచుకుంది. "నిజమే అక్కా. కానీ నేను చెప్పేదాన్నే, గోడ మీద రాయించేదాన్ని కాదు" అంది. అర్జీ మాత్రం తనే దగ్గరుండి రాయించి, తలుపు విషయం గనక తొందరగా పిలిపిస్తానని మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంది.

విచారణకు అల్లుడుగారు లాయరును తెచ్చుకున్నాడు. అధికారి నడివయసు మనిషి, విసుగు మొహం. లాయరు లేచి, తన క్లయింటు ఎంతో దయగల వ్యక్తని, చెదలు పట్టిన తలుపు మీద పడి రోగికి దెబ్బ తగులుతుందేమోనని బాగుచేయించడానికే తీయించాడని ధారాళంగా చెప్పాడు. కొలతల సంగతి అత్త చెప్పగానే మళ్ళీ లేచాడు.

"ఇబ్బంది పడింది ఈవిడ భర్త అంటున్నారు. మరి తనకు ఇబ్బందిగా ఉందని ఆయన ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పాడా?"

మాట పడిపోయిన మనిషి గురించి, ఆ సంగతి తెలిసి, ఆ ప్రశ్న వేశాడు. ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న నేను మర్చిపోలేదు. చదువు ఇందుకా? నల్లకోటు ఇందుకా?

అత్త అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "చెప్పాడండి" అంది. "నెల రోజులు చెప్పాడు. ఆయనకున్న ఒక్క మాటతోనే చెప్పాడు. నాకే అర్థం కాలేదు."

అధికారి ఆ మాట రాసుకున్నాడు. తర్వాత అల్లుడుగారి వైపు తిరిగాడు.

"ఆ తలుపు ఇప్పుడు ఎక్కడుంది?"

"మా షెడ్డులో ఉందండి."

"ఏ వడ్రంగి బాగుచేస్తున్నాడు?"

అల్లుడుగారు లాయరు వైపు చూశాడు. లాయరు కాగితాల వైపు చూశాడు. కాగితాల్లో వడ్రంగి లేడు.

పొద్దు గుంకేలోగా తలుపు మళ్ళీ బిగించాలని, ముందురోజు చెప్పకుండా గడప దాటకూడదని అధికారి ఉత్తర్వు చెప్పాడు. జరిమానా కూడా వేశాడు. అల్లుడుగారు చిరునవ్వుతోనే చేతులు జోడించాడు. సాయంత్రం అదే వడ్రంగి వచ్చి తలుపు బిగించి పోయాడు. చెదలు ఎక్కడున్నాయో చూద్దామని అత్తా నేనూ రెక్క ఆ వైపూ ఈ వైపూ వెతికాం. చీమ కూడా లేదు. తలుపు వేసుకున్నాక మామయ్య గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

కథ ఇక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఆగలేదు. అగ్రిమెంటు గడువు తీరే ముందు అల్లుడుగారు పద్ధతిగా, రూలు ప్రకారం, రాతపూర్వకంగా నోటీసు పంపాడు. ఇక పొడిగించడట. అత్త మళ్ళీ గోదాముల వెనక ఆఫీసుకు వెళ్ళింది. గుమాస్తావిడ నోటీసు అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి మేం చెయ్యగలిగింది లేదక్కా. గడువయ్యాక ఇవ్వడం ఇవ్వకపోవడం ఆయన ఇష్టం" అంది.

"అంటే కొట్టకుండా గెంటెయ్యొచ్చన్నమాట" అంది అత్త.

గుమాస్తావిడ నోటీసు మడిచి అత్త చేతిలో పెట్టింది.

ఇల్లు వెతకడం అన్నిటికన్నా పెద్ద అవమానం. అత్త వెళ్ళేలోపే ఆవిడ పేరు వెళ్ళేది. "ఆఫీసుకెక్కిన మనిషట కదా" అని, గది ఖాళీగా కళ్ళెదుట కనిపిస్తున్నా ఇచ్చేశామనేవారు. తప్పు చేసినవాడు ఇస్త్రీ చొక్కాతో వీధిలో తిరుగుతున్నాడు, తప్పును తప్పన్నందుకు ఈవిడ ఊరందరికీ గయ్యాళి అయింది. చివరికి ఊరి చివర, డిపోకు బాగా దూరంగా, ఒక నేల వాటా దొరికింది. పొద్దుటి డ్యూటీకి రెండు బస్సులు మారాలి. కండక్టరు టికెట్టు కొనక్కర్లేదు కదా అని తనే నవ్వింది.

సామాను తరలించే రోజున డిపోనుంచి నలుగురు డ్రైవర్లు వచ్చారు. మామయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీ కాళ్ళు పట్టుకుని నిదానంగా మెట్లు దించారు. "మెల్లగా రానీ, ఎడమ కొట్టు, ఎడమ!" అని ఒకడు వెనకనుంచి అరుస్తుంటే మామయ్య పడీపడీ నవ్వాడు. పైన కిటికీలోంచి చూడటమే తప్ప ఆయన వీధిలోకి వచ్చి ఎంతకాలమైందో!

వంటసామాను మూట కడుతుంటే టైలరమ్మ పైకి వచ్చింది. గుమ్మంలోనే ఆగింది. వెనక్కి ఒకసారి చూసుకుని అంది.

"అక్కా, నిన్న మా అమ్మాయి ఒక్కతే ఉంది. స్నానం చేసి గదిలో బట్టలు మార్చుకుంటోంది. తాళం తీసుకుని లోపలికొచ్చేశాడు. కుళాయి చూడ్డానికట."

అత్త చేతిలోని తాడు ముడి పడకుండానే ఆగిపోయింది.

"పిల్ల రాత్రంతా ఏడ్చింది. సర్దుకుపొమ్మని నీకు చెప్పిన నోరే ఇది. ఇప్పుడు నా పిల్లకి చెప్పలేకపోయాను" అంది టైలరమ్మ. "ఆ ఆఫీసు ఎక్కడక్కా?"

అత్త ముడి గట్టిగా బిగించి, మూట పక్కకు నెట్టి లేచింది.

"ఒక్కదానివే వెళ్ళకు, తిప్పిపంపుతారు. గురువారం నాకు సెలవు. పొద్దున్నే పిల్లని కూడా తీసుకుని డిపో గేటు దగ్గరకొచ్చెయ్. ఈలోగా తాళం మార్పించు, ముందు ఆ పని చూడు."